మనవరాలి నిద్ర

పురుగులు జ్వరానికి పోయిన రోజు నంజప్ప ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు. తలుపు ధన్‌మని వేయకూడదు. మిరపకాయల పోపు ఘాటు పురుగుల గదివైపు పోకూడదు.

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేస్తుంది. తల పైకెత్తి, దేనికో చెవి ఒగ్గినట్టు కదలకుండా నిద్రపోతుంది. గూడు కట్టేలోపల అలాంటి నిద్రలు నాలుగు. ఆ పక్క రైతులు ఆ నిద్రనే జ్వరం అంటారు. తట్టలో ఏ రెండు మూడో ముందుగా లేచి ఆకు కోసం వెతుక్కున్నా నంజప్ప వేసేవాడు కాదు. సున్నప్పొడి చల్లి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అన్నీ లేవాలి. అప్పుడే ఆకు.

మాటలు తక్కువ మనిషి. ఉన్న మాటల్లో సగం "ఊఁ". భార్య సుబ్బక్క ఆ లోటు పూడ్చేది.

"ఈయప్ప నోట్లోంచి మాట రావాలంటే గూటిని ఉడకబెట్టి పోగు లాగినట్టు లాగాల" అనేది ఇంటికొచ్చిన వాళ్లతో. నంజప్ప దానికీ "ఊఁ" అనేవాడు.

కుసుమ వాళ్ల కూతురి కూతురు. తల్లి రత్న పోయాక తండ్రి వేరే కాపురం పెట్టుకున్నాడు. పిల్ల ఈ ఇంట్లోనే, పురుగుల గది పక్కనే పెరిగింది. అవి ఆకు తినే చప్పుడు రేకుల మీద సన్నవాన కురిసినట్టుండేది. నిద్రమత్తులో "తాతా, వానొస్తాందా?" అని అడిగేది. "ఊఁ" అనేవాడు తాత. పిల్ల అటు తిరిగి పడుకునేది.

రత్న జ్వరంతో పోయింది. మనుషుల జ్వరంతో. సర్కారు ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, జీపు మాట్లాడుకొస్తానని నంజప్ప రోడ్డుకు పరుగెత్తాడు. సుబ్బక్క ఇంటి దగ్గర ఉంది. తిరిగొచ్చేసరికి అయిపోయింది. డాక్టరు రానేలేదు. లోపల ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. తల్లి పక్కన కూర్చున్న కుసుమ ఆ సాయంత్రం ఒకే ఒక మాట అంది. "ఆ కుర్చీలో నేను కూచుంటా."

అప్పుడు దానికి సరిగ్గా జడ కూడా నిలిచేది కాదు. కానీ మాట మాత్రం నిలిచింది. డాక్టరు చదువే చదువుతానంది. ప్రవేశ పరీక్ష ఒకసారి రాసింది. సీటు రాలేదు. తెలివి చాలక కాదు. ఆ ఏడాది సీట్లు తెచ్చుకున్న పిల్లల్లో చాలామంది నిద్రపోకుండా చదివారు. వాళ్ల నిద్ర వేరేవాళ్లు పోయారు.

*

టౌన్లో కుసుమ హాస్టల్లో ఉండి చదివే కోచింగు సెంటరు వెనక ఒక పొడవాటి హాలు ఉంది. వరసగా నవారు మంచాలు. కిటికీలకు నీలం పరదాలు. దాన్ని నడిపే తబస్సుమ్ మేడమ్ సన్నగా, కళ్లద్దాలు పెట్టుకుని, మెల్లగా మాట్లాడే మనిషి. తెల్లటి పట్టీ ఒకటి నంజప్ప చేతిలో పెట్టింది.

"ఇది మీ పురుగు కక్కిన పోగే తాతా. నిద్ర పట్టని రోగుల కోసం ఏళ్లపాటు పనిచేస్తే దొరికింది. ఒకరి బడలికను ఇంకొకరి దగ్గరికి మోసుకుపోతుంది. రోగులకంటే ముందు వీళ్లొచ్చినారు అడగడానికి." ఆమె చూపు కోచింగు సెంటరు వైపు పోయింది.

కుసుమ నుదుటికి ఒక పట్టీ, నంజప్ప నుదుటికి ఒక పట్టీ కట్టింది. మధ్యన చిన్న పెట్టె. పిల్ల తన పట్టీ రాత్రీ పగలూ విప్పకూడదంది. అప్పటిదాకా ఆవులిస్తున్న పిల్ల కళ్లు కడిగిన గాజుల్లా తళతళలాడాయి. నంజప్ప రెప్పల మీదికి తడిసిన ఆకుల గంప దిగింది. అవతల పిల్లకు తెల్లవారింది. ఇవతల ముసలాయనకు పొద్దు గుంకింది.

పక్క మంచం మీది లావుపాటి ఆమె లేచి కూర్చుని గొణిగింది. "మా అక్క కొడుకు నిద్దర నేను మోస్తాండా మేడమ్. వాని కలలన్నీ నాకే వస్తాండాయి. ఎప్పుడు చూసినా క్రికెట్టే. ఈ వయసులో నేను బౌలింగ్ ఏస్తాండా. ఫిజిక్సు యాడుందో మరి!"

హాలంతా నవ్వారు. తబస్సుమ్ కూడా నవ్వింది.

"కలలు ఊక అక్కా. గింజ వాళ్ల దగ్గరే ఉంటాది. మీరు ఊక మోస్తాండారు, అంతే."

నంజప్ప ఆ మాట విన్నాడో లేదో. అప్పటికే నిద్రలో ఉన్నాడు.

*

తన నిద్ర రాత్రి ఇంట్లో పోయేవాడు. పొద్దున బస్సెక్కి టౌనుకు వచ్చి మనవరాలి నిద్ర పోయేవాడు. పురుగుల పని సుబ్బక్క మీద పడింది. "నా మొగుడు పగలంతా పడుకునే ఉద్యోగం సంపాదించినాడు" అని ఊళ్లో చెప్పుకుని తిరిగేది. కానీ సాయంత్రం ఆయన వచ్చేసరికి వేడినీళ్లు కాచి ఉంచేది.

మొదట్లో వచ్చిన కలలు చిత్రంగా ఉండేవి. ఒక ఎర్రటి ఏరు, దాని పక్కనే నీలపు ఏరు. రెండూ పిడికెడంత గదిలోకి పోయి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ బయటికొచ్చేవి. గట్టు మీద ఎముకలు మల్బరీ కట్టెల్లా నాటి ఉండేవి. చూస్తుండగానే చిగుళ్లు వేసేవి. ఒక కప్ప తన గుండెను అరచేతిలో పెట్టుకొచ్చి, ఎటు పోవాలని నంజప్పను దారి అడిగింది. ఆయన చేత్తో చూపించాడు.

ఒకరోజు రత్న వచ్చింది.

ముందు పాదాలు కనిపించాయి. వేళ్లకు మెట్టెలు. తరువాత చీర కుచ్చిళ్లు. తలెత్తితే ఎక్కడో పైన, దూలాల దగ్గర, రత్న ముఖం. తన కూతురు తనకంటే అంత ఎత్తుంది. ఆమె వంగింది. రెండు చేతులతో ఆయన్ను లేపి చంకనేసుకుంది. కొబ్బరినూనె వాసన, కోసిన ఆకు కాడల పాలవాసన. "ఏందే బంగారూ, ఆకలా?" అంది. ఆ గొంతు విని ఎన్నేళ్లయింది! నంజప్ప ఆ భుజం మీద తల వాల్చాడు. అరవై దాటిన మనిషి, కన్నకూతురి చంకన, వాన చప్పుడు వింటూ.

లేచేసరికి దిండు తడిసి ఉంది.

అది పిల్ల జ్ఞాపకమని తెలియకపోలేదు. పిల్ల కళ్లతోనే చూశానని తెలుసు. అయినా మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాడు. రత్న మళ్లీ వచ్చింది. జడ వేసింది. బెల్లం పూర్ణం ఓళిగ ముక్క నోట్లో పెట్టింది. మల్బరీ తోటలో దాగుడుమూతలాడింది. ఆదివారం సెలవు. నంజప్ప ఆదివారం కూడా వచ్చి నిలబడ్డాడు.

"ఈ రోజు అక్కర్లేదు తాతా" అంది తబస్సుమ్.

"పండుకుంటా" అన్నాడు.

కుసుమ పొంగిపోయింది. "మా తాత నా కోసం ఎంత కష్టపడతాండాడో చూడండి" అంది స్నేహితురాళ్లతో. నంజప్ప కిందికి చూశాడు.

"బస్సుకు పోతా పెండ్లికొడుకు మాదిరి నవ్వుకుంటాండావు, ఏందయ్యా కత?" అని సుబ్బక్క ఒక పొద్దున నిలదీసింది. ఆయన చెప్పలేదు. చెబితే కరిగిపోతుందేమోనని భయం. ఒక కూతురు ఇద్దరికీ పుట్టింది. ఇప్పుడు ఒకడే చూసుకుంటున్నాడు.

ఒక కల మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేది. ఆసుపత్రి వరండా. బల్ల మీద రత్న. చిన్న వేళ్లు ఆమె కొంగు పట్టుకుని ఉంటాయి. తలుపు సందులోంచి లోపల డాక్టరు కుర్చీ కనిపిస్తుంది. వీపుమీద తెల్ల తువ్వాలు. కుర్చీకి ఒక కాలు లేదు, దాని చోట ఇటుక పెట్టి ఉంటుంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఎవరో "వస్తాడు, వస్తాడు" అంటుంటారు. తల నిమిరే చేయి మెల్లగా ఆగుతుంది. బరువెక్కుతుంది. తాను జీపు కోసం పరుగెత్తిన ఆ కాసేపట్లో జరిగినదంతా ఇప్పుడు ఈ చిన్న కళ్లతో చూడాల్సి వచ్చేది. అలాంటి రోజున నంజప్ప లేచి, మంచం కోడు పట్టుకుని చాలాసేపు కూర్చునేవాడు. కానీ మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఆ చేయి బరువెక్కేముందు కాసేపు నిమురుతుంది గదా.

కుసుమకు కోచింగులో మొదటి ర్యాంకు రావడం మొదలైంది.

*

రత్న తద్దినానికి కుసుమ ఇంటికొచ్చింది. పరీక్ష ఇంకో వారంలో ఉంది. మనిషి మెరిసిపోతూ ఉంది. ముఖంలో అలుపు అనేది లేదు. సుబ్బక్క దిష్టి తీసి, ఓళిగలు చేసి ఫొటో ముందు పెట్టింది.

"అమ్మకు ఓళిగలిష్టమా అవ్వా?"

సుబ్బక్క నవ్వింది, ఆటకు అడిగిందనుకుని. "నీ నోట్లో ముక్క పెట్టి, నువ్వు సగం కొరికితే మిగతా సగం తాను తినేది గదే!"

"అట్లనా" అంది కుసుమ. పాఠంలో కొత్త సంగతి విన్నట్టు తల ఊపింది.

నంజప్ప చేతిలోని ఓళిగను విస్తట్లో పెట్టేశాడు. ఆ సగం ముక్క రుచి తనకు తెలుసు. నిన్ననే తిన్నాడు.

ఆ మధ్యాహ్నం పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. సుబ్బక్క కేక విని నంజప్ప పరుగెత్తాడు. కుసుమ తట్టల ముందు నిలబడి ఉంది. చేతిలో ఆకు గంప. నిద్రపోతున్న పురుగుల మీద పచ్చటి ఆకు దుప్పటిలా పరిచి ఉంది.

"ఏమే పాపా! నీకేమైనా పట్టిందా? ఈ ఇంట్లో పుట్టి పెరిగినదానివి, జ్వరంలో ఉండేవాటికి ఆకేస్తావా?" సుబ్బక్క ఒక్కో ఆకూ తీస్తోంది.

"కొన్ని లేచినాయి గదవ్వా. తినేవి తింటాయి, ఎక్కువ తింటే ఎక్కువ పెరుగుతాయి. ఊరికే పండుకుంటే టైము వేస్టు గదా?"

"పండుకుంటేనే గదే పొర ఇడిచేది! నువ్వు నడవడం నేర్చుకునే ముందు నేర్చుకున్న మాట అది." సుబ్బక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "డాక్టరు చదివి ఏం చేస్తావే తల్లీ నువ్వు? ఎందుకే నీకా చదువు?"

"సీటొస్తే చేరాల గదవ్వా. అన్నింటికన్నా పై ర్యాంకు దానికే" అంది కుసుమ. ఆ కళ్లలో ఏ దాపరికమూ లేదు. అడిగినదానికి సరైన జవాబు చెప్పిన పిల్ల కళ్లు అవి.

నంజప్ప గోడకు ఆనుకున్నాడు. తల పైకెత్తి ఆగిపోయిన పురుగుల్ని చూశాడు. పురుగు నిద్ర కోసం ఇల్లంతా ఊపిరి బిగపట్టుకుని బతికిన మనిషి.

*

"పురుక్కి చేయని పని పిల్లకు చేసినా" అన్నాడు తబస్సుమ్‌తో. నిద్రహాలుకు వచ్చాక ఆయన ఆడిన అతి పెద్ద మాట అది. తరువాత రత్న సంగతి చెప్పాడు. అతుకుల బొతుకులుగా చెప్పాడు.

తబస్సుమ్ కళ్లద్దాలు తీసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నాక్కూడా కబుర్లొస్తాండాయి తాతా. నిద్ర మోయించుకుని సీటు తెచ్చుకున్న మొదటి పిల్లలు ఇప్పుడు వార్డుల్లో రోగుల్ని చూస్తాండారు. బిడ్డ పోయి ఏడుస్తాండే తల్లితో ఒకడు, 'కొంచెం జరగండి, మంచం కావాల' అన్నాడంట. వాడు చెడ్డోడు కాదు. మంచం నిజంగానే కావాల్సి ఉండె. ఎప్పుడు అనాలో వానికి తెలీలేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "కలలు ఊక అన్నాను. తప్పు. చదివింది, చూసింది, ఏడ్చింది, అన్నీ కలిసి మనిషయ్యేది అక్కడే."

"పాపకు మళ్లీ రాదా?"

"తెలీదు. మీకు కనిపించినంత మాత్రాన ఆమెలో చెరిగిపోయినాయో, అడుక్కు పోయినాయో నాకు తెలీదు. కల అనేది బావిలోకి వేసే చేద అనుకోండి. ఆ చేద ఇప్పుడు మీ చేతిలో ఉంది. పట్టీ విప్పితే ఆమె ఒళ్లు నిద్రకు పోతాది. ఎన్ని రోజులో చెప్పలేను. పరీక్ష ముందుంది. మధ్యలో లేపితే లేస్తాది, రాస్తాది. కానీ మళ్లీ ఆ అడుగు దాకా పోతాదో లేదో..." చేతులు విప్పి చూపించింది. "మీరు గూడా ఆలోచించుకోండి. విప్పితే మీకూ ఆమె కనిపించదు."

నంజప్పకు అది ముందే తెలుసు. వచ్చే దారంతా బస్సులో అదే నమిలాడు.

హాస్టలు మెట్ల మీద కుసుమ పుస్తకం మూయకుండానే విన్నది.

"ఇంకొన్నాళ్లే గదా తాతా! అమ్మ ఎట్లాగూ పోయింది. పోయిన అమ్మ కోసం వచ్చే సీటును పోగొట్టుకోమంటావా?"

నంజప్ప మెట్టు మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మెట్టెలతో మొదలుపెట్టాడు. కుచ్చిళ్లు, కొబ్బరినూనె, తోటలో దాగుడుమూతలు, సగం ఓళిగ. జీవితంలో అన్ని మాటలు ఒకచోట ఎప్పుడూ పెట్టలేదు. పక్కన పోయే పిల్లలు ఆగి చూశారు. ఆసుపత్రి వరండా దాకా వచ్చాడు. తలుపు దగ్గర ఆగిపోయాడు. అక్కడి నుంచి మాట నడవలేదు.

"బాగుంది తాతా" అంది కుసుమ. "కానీ ఎవరి కతో మాదిరుంది."

పుస్తకంలో ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పలేదు.

"తాతా. నాకిప్పుడు ఏడుపు రావాల గదా?"

ఆయన ఆమె ఒళ్లోని పుస్తకం మూశాడు.

"ఎందుకు రాల్యా?" ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. తరువాత తనే చెయ్యెత్తి నుదుటి మీది పట్టీ విప్పి తాత ఒళ్లో పెట్టింది. "పరీక్ష పొద్దున మాత్రం లేపు. మాటియ్యి తాతా."

"ఊఁ" అన్నాడు.

*

బస్సులోనే ఆమె తల ఆయన భుజం మీద వాలింది. ఇల్లు చేరేదాకా ఆగలేదు. సుబ్బక్క పురుగుల గది పక్కనే చాప పరిచింది. కుసుమ పడుకుంది. పొద్దు పొడిచింది, వాలింది, మళ్లీ పొడిచింది. సుబ్బక్క మధ్యమధ్యలో లేపి కూర్చోబెట్టి గంజి తాగిస్తే కళ్లు తెరవకుండానే తాగేది. నంజప్ప ఇప్పుడు రాత్రిళ్లు తన నిద్ర మాత్రమే పోయేవాడు. ఒక్క కలా వచ్చేది కాదు. నల్లటి నిద్ర. రత్న రాలేదు.

పురుగులు నాలుగో జ్వరానికి పోయాయి. ఇల్లు ఊపిరి బిగపట్టింది. ఆ జ్వరంలోనే పరీక్ష పొద్దు తెల్లవారింది.

సుబ్బక్క నీళ్లు కాచి, బట్టలు తీసిపెట్టింది. "లేపయ్యా. బస్సు టైమైతాంది."

నంజప్ప చాప పక్కన కూర్చున్నాడు. మాటిచ్చాడు. చేయి చాచాడు. కుసుమ మూసిన రెప్పల కింద కళ్లు కదులుతున్నాయి. అటూ ఇటూ, ఎవరి వెనకాలో పరుగెత్తుతున్నట్టు. పెదవులు విడ్డాయి. చాప అంచును పిడికిట్లో పట్టుకుంది. కొంగు పట్టుకున్నట్టు పట్టుకుంది.

చాచిన చేయి అలాగే గాల్లో ఆగింది.

"లేపకపోతే సీటు పాయ! పిల్ల మనల్ని క్షమిస్తాదా?" సుబ్బక్క గుసగుసగా అరిచింది.

"జ్వరంలో ఉంది" అన్నాడు.

బయట బస్సు హారన్ కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టి వెళ్లిపోయింది. సుబ్బక్క గడప మీద కూలబడింది. నంజప్ప చేయి దించాడు.

పొద్దు వాలాక కుసుమ లేచింది. వాకిట్లో ఎండ ఎక్కడుందో చూసింది. తాత ముఖం చూసింది.

"అయిపాయనా?"

"ఊఁ."

"మాట తప్పినావు తాతా."

"తప్పినా."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. వీపు కదల్లేదు. సుబ్బక్క సంగటి ముద్ద తెచ్చి పక్కన పెడితే ముట్టలేదు. పిల్ల తిట్టినా, కొట్టినా పడాల్సిందే అనుకుని నంజప్ప పురుగుల గదిలోకి పోయాడు.

తట్టల్లో తెల్లటి తలలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. పాత పొరలు పొట్టులా రాలి ఉన్నాయి. ఒక తట్ట చూశాడు, ఇంకొకటి చూశాడు. "అన్నీ లేచినాయి" అని సుబ్బక్కకు వినబడేలా చెప్పి, ఆకు పరిచాడు. కాసేపు నిశ్శబ్దం. తరువాత ఒక మూల నుంచి మొదలైంది. సన్నగా, తరువాత జోరుగా. రేకుల మీద వాన.

అవతల గదిలోంచి గొంతు వినిపించింది. "తాతా. వానొస్తాందా?"

నంజప్ప చేతిలో గంప కదల్లేదు. "ఊఁ" అన్నాడు.

"ఆ కుర్చీకి ఒక కాలు లేదు తాతా. ఇటుక పెట్టింటారు."

ఆయన ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు జీపు కోసం పోయింటివి. నేను ఆ ఇటుకనే చూస్తా కూచుంటి. అమ్మ చెయ్యి నా తలమీదే ఉండె. బరువాయె. నిద్రపోయిందనుకుని కదలకుండా కూచుంటి, లేస్తాదేమో అని..." కుసుమ ఏడ్చింది. ఎక్కిళ్లు పెట్టి, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. సుబ్బక్క పోయి ఒళ్లోకి లాక్కుంది.

చాలాసేపటికి ఏడుపు నెమ్మదించింది. "మళ్లీ రాస్తా" అంది. "వచ్చే యేడు. రాకపోతే ఆ పై యేడు. నా నిద్దర నేనే పోతా. ఆ కుర్చీలో నేనే కూచుంటా."

నంజప్ప వచ్చి చాప అంచున కూర్చున్నాడు. చేతులకు ఇంకా ఆకు పాలు అంటి ఉన్నాయి. ఏదో అడగాలనుకున్నాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అవ్వా మనవరాలూ ఇద్దరూ ఆయన నోటివైపు చూశారు.

"కల్లో..." అన్నాడు. "మీయమ్మ ఏమన్నాదే? చెప్పు పాపా. మీ అవ్వ గూడా వింటాది."

కుసుమ కళ్లు తుడుచుకుంది. పక్క గదిలో వాన జోరందుకుంది. ఆమె మెట్టెలతో మొదలుపెట్టింది.